ఏ తుపాకీ కొనాలి అని అడిగినవాళ్లకు

(డెన్వర్ శివార్లలో తెలుగు కుటుంబాలు కలుసుకున్న ఒక సాయంత్రం చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. పెద్దలున్నారు, అక్కయ్యలున్నారు, ఈమధ్యే కొలరాడో వచ్చిన తమ్ముళ్లు చాలామంది ఉన్నారు. రెండు నెలలుగా నాకు ఫోన్లో వస్తున్న ప్రశ్న ఒకటే. "అన్నా, ఎల్క్ వేటకి ఏ తుపాకీ కొనమంటావ్?" ఎల్క్ అంటే ఇక్కడి కొండల్లో తిరిగే పెద్ద జింకజాతి జంతువు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అందరూ కూర్చున్నప్పుడు చెబుదామని నేనే అడిగి ఈ గంట తీసుకున్నాను. మాంసం ముట్టనివాళ్లు కూడా ఇక్కడ ఉన్నారని తెలుసు. మీరు లేచి వెళ్లకుండా వింటున్నందుకు సంతోషం. వేటలో జరిగేది ఏదీ మీ దగ్గర దాచను.

మాది ఆత్మకూరు దగ్గర పల్లె. అప్పట్లో కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల. పెరట్లో నిలబడితే నల్లమల కనపడుతుంది. మా తాత వయసులో ఉన్నప్పుడు ఊళ్లో రెండు మూడు నాటు తుపాకులు ఉండేవట. నాకు ఊహ తెలిసేటప్పటికి అవి లేవు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, 1991 సవరణతో మిగిలిన సందులు కూడా మూసేశారు. ఇవాళ అక్కడ దుప్పిని కొట్టినా, కణితిని కొట్టినా, కృష్ణజింకను కొట్టినా జైలే. అది సరైన చట్టం, మా ఊరి వాడిగా చెబుతున్నాను. ఇక్కడ నేర్చుకున్న విద్యను సెలవులకు ఊరెళ్లినప్పుడు చూపిద్దామన్న ఆలోచన ఎవరికైనా ఉంటే ఈ పూటే వదిలేయండి.

మరి ఇక్కడ ఎందుకు కుదురుతోంది? ఇక్కడా ఒకప్పుడు అంతా ఊడ్చేశారు. గనుల ఊళ్లకు మాంసం అమ్మడానికి బండ్లకొద్దీ కొట్టారు. 1910 నాటికి కొలరాడో మొత్తం మీద ఎల్క్‌లు వెయ్యి కూడా మిగల్లేదు. వయోమింగ్ నుంచి తెచ్చి వదిలారు. మాంసం అమ్మకం ఆపారు, సీజన్ పెట్టారు, ఎవరు ఎన్ని కొట్టొచ్చో లెక్క పెట్టారు. ఇవాళ 2,80,000 పైచిలుకు ఉన్నాయి. అమెరికాలో ఇంకే రాష్ట్రంలోనూ అన్ని లేవు. వాటిని కాపాడే ఖర్చులో పెద్ద భాగం వేటగాళ్లదే. మీరు కట్టే లైసెన్సు డబ్బు ఒకటి. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం రైఫిళ్ల మీద, తూటాల మీద వేసే 11 శాతం పన్ను ఇంకొకటి. తూటాల పెట్టె కొన్న ప్రతిసారీ ఆ అడవికి మీరు కొంత కడుతున్నారు. అందుకే ఇక్కడ నియమం తప్పినవాణ్ణి తోటి వేటగాళ్లే ముందు పట్టిస్తారు.

సరే, తుపాకీ దగ్గరికి వస్తాను. కానీ ముందు జంతువు ఎంతదో తెలియాలి.

మన దుప్పి మగది మామూలుగా ఎనభై, తొంభై కిలోల దగ్గర ఆగుతుంది. ఇక్కడి మ్యూల్ డీర్ అనే జింకలో మగది దాదాపు అంతే, ఇంకాస్త ఎక్కువ. పెద్ద చెవులు, చీలి మళ్లీ చీలే కొమ్ములు, నాలుగు కాళ్లూ ఒకేసారి నేలకు కొట్టి ఎగిరెగిరి పరుగెత్తడం. ఎల్క్ అలా కాదు. మగది మూడొందల కిలోల పైన, ఆడది రెండొందల ఇరవై దాకా. ఒంగోలు గిత్తను తలచుకుని దాని నెత్తిన పదిహేను కిలోల కొమ్ములు పెట్టుకోండి. ఆ కొమ్ములతో దట్టమైన స్ప్రూస్ చెట్ల మధ్య నుంచి ఆకు కదలకుండా వెళ్లిపోతుంది. ఎలా వెళ్తుందో ఇన్నేళ్లైనా నాకు అర్థం కాలేదు. గుండు సరైన చోట తగిలినా కొన్ని క్షణాలు ఏమీ జరగనట్టు నిలబడి ఉంటుంది. మనిషి మోసపోయేది అక్కడే.

ఇక మీరు అడిగిన ప్రశ్న. నేను వాడేది థర్టీ-ఆట్-సిక్స్. అమెరికా సైన్యం కోసం 1906లో చేసిన తూటా, అందుకే ఆ పేరు. తూటా కొసన ఉండి బయటికి దూసుకెళ్లేది గుండు, నేను 180 గ్రెయిన్లది వాడతాను. గ్రెయిన్ అంటే పాత తూకం. 7,000 గ్రెయిన్లు ఒక పౌండు. అంటే మూడొందల కిలోల జంతువు ముందు మీ చేతిలో ఉండేది పన్నెండు గ్రాములు కూడా లేని లోహం ముక్క. ఇది గుర్తుంటే చాలు, పెద్ద తూటా కొంటే అన్నీ సర్దుకుంటాయన్న భ్రమ పోతుంది.

ఇంకో తూటా టూ-సెవెంటీ 1925 నుంచి ఉంది, భుజానికి తగిలే దెబ్బ మెత్తగా ఉంటుంది, ఎల్క్‌కి నిక్షేపంలా సరిపోతుంది. త్రీ-నాట్-ఎయిట్ 1952 నాటిది, తూటాలు ప్రతి దుకాణంలో దొరుకుతాయి. సెవెన్ ఎంఎం రెమింగ్టన్ మాగ్నమ్ 1962లో వచ్చింది, దూరానికి బాగుంటుంది, భుజానికి గట్టిగా తగులుతుంది. ఇప్పుడు కుర్రాళ్లందరూ అడిగే 6.5 క్రీడ్‌మోర్ 2007లో వచ్చింది. డీర్‌కి హాయిగా సరిపోతుంది. ఎల్క్‌కి కూడా చట్టం ఒప్పుకుంటుంది, కానీ దగ్గరగా వెళ్లే ఓపిక ఉన్నవాళ్లకే ఇవ్వమంటాను. కొలరాడో నియమం చూడండి: గొట్టం లోపలి వెడల్పు కనీసం 6 మిల్లీమీటర్లు, డీర్‌కి గుండు కనీసం 70 గ్రెయిన్లు, ఎల్క్‌కి 85, నూరు గజాల దగ్గర కనీసం 1,000 అడుగు-పౌండ్ల శక్తి మిగలాలి, తగిలాక విచ్చుకునే గుండే ఉండాలి. నేను చెప్పిన తూటాలన్నీ ఈ గీత దాటినవే. వీటిలో ఏదైనా ఒకటి, బోల్ట్ యాక్షన్ రైఫిల్ (పేల్చిన ప్రతిసారీ బోల్ట్ అనే పిడిని చేత్తో తిప్పి లాగి తర్వాతి తూటా ఎక్కించేది), మీ భుజానికి, మీ చేతి పొడుగుకు సరిపోయేది తీసుకోండి. వాడిన తుపాకీ అయినా పర్వాలేదు. వెయ్యి డాలర్లు ఉంటే అందులో సగం కూడా తుపాకీకి పెట్టొద్దని నా మాట.

ఎందుకంత ఖచ్చితంగా చెబుతున్నానంటే, నా మూడో సీజన్‌లో జరిగింది మీకు చెప్పాలి.

అంతకుముందు రెండేళ్లు ఖాళీ చేతులతో వచ్చాను. తుపాకీ చిన్నదవడం వల్లే అనుకున్నాను. అప్పు చేసి ఇంకా పెద్ద తూటా కాల్చే త్రీ-హండ్రెడ్ మాగ్నమ్ కొన్నాను. అక్టోబర్ ఆఖరులో సీజన్, తుపాకీ కొన్నది అక్టోబర్ మొదట్లో. వేటవేళకు కుక్కను మేపినట్టు, తుపాకీ సాధన చేసే రేంజ్‌కి రెండుసార్లు వెళ్లి, బల్ల మీద ఇసుక సంచి పెట్టి, ఇరవై తూటాలు కాల్చి, కాగితం మీద చిల్లులన్నీ దగ్గర దగ్గరగా పడ్డాయని వచ్చేశాను. ఆ ఇరవైలో పదో తూటా నుంచే ట్రిగ్గర్ నొక్కే ముందు నా కన్ను మూసుకుపోతోంది. అది నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

మీకర్ అనే ఊరి దగ్గర ఫ్లాట్ టాప్స్ కొండలు. సీజన్ నాలుగో రోజు సాయంత్రం. మోకాలి దాకా కాదు, చీలమండ దాకా మంచు. ఎదుటి వాలులో ఆస్పెన్ చెట్ల అంచున ఒక మగ ఎల్క్ బయటికొచ్చింది. 380 గజాలని దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ చూపింది. వెలుగు ఇంకో ఇరవై నిమిషాలు ఉంది. దగ్గరికి వెళ్లడానికి మధ్యలో ఒక మడుగు, కాస్త పొదలు ఉన్నాయి, వెళ్లి ఉండొచ్చు. వెళ్లలేదు. కూర్చుని, మోకాలి మీద ఆనించి, పేల్చేశాను. భుజం అదిరింది, కన్ను మూసుకుంది. తెరిచేసరికి అది వీపు వంచి, తల దించి, నడుస్తూ చెట్లలోకి వెళ్లింది. పరుగెత్తలేదు. వీపు వంచి నడిచింది. అనుభవం ఉన్నవాళ్లకు ఆ ఒక్క ముక్కతో అంతా అర్థమైపోతుంది.

అది నిలబడిన చోటికి వెళ్లి లైటు వేసి చూశాను. ఊపిరితిత్తులకు తగిలితే మంచు మీద రక్తం లేత గులాబీ రంగులో, చిన్న చిన్న నురగ బుడగలతో ఉంటుంది. నాకు కనపడింది ముదురు రంగు. అందులో నానిన గడ్డి పీచు, ఆకుపచ్చగా. పొట్టకు తగిలింది. అలాంటప్పుడు వెంటనే వెంట పడకూడదు, కొన్ని గంటలు ఆగాలి. తరిమితే ఆ నొప్పితోనే మైళ్లు వెళ్లిపోతుంది. ఆ సంగతి చదివి ఉన్నాను కూడా. అయినా ఆత్రం ఆగలేదు, అరగంటకే బయల్దేరాను. రెండుసార్లు లేపాను దాన్ని. మంచులో అది పడుకున్న గుంట, వెచ్చగా, మధ్యలో నల్లని మరక. రాత్రి పదకొండింటికి మళ్లీ మంచు మొదలై జాడ పూడిపోయింది. మర్నాడు పొద్దంతా, ఆ పై రోజు మధ్యాహ్నం దాకా వెతికాను. దొరకలేదు. ఆ ఏడాది లైసెన్సు అక్కడితో అయిపోయిందని లెక్క వేసుకుని ఇంటికొచ్చేశాను. చట్టం అలా అనదు, సీజన్ ఇంకా ఉంది, ఇంకొకటి కొట్టొచ్చు. నా మనసు ఒప్పుకోలేదు.

మాగ్నమ్ అమ్మేశాను. ఆ రాత్రి నుంచి నేను ప్రతి వస్తువునూ ఒకే ప్రశ్న అడుగుతున్నాను: ఇది ఆ జంతువు త్వరగా పోవడానికి, పోయాక దాని మాంసం పాడవకుండా ఉండడానికి పనికొస్తుందా? అలా అడిగితే తుపాకీ వరసలో అయిదో స్థానానికి పోతుంది.

మొదటి స్థానం బూట్లది. నవ్వకండి. డెన్వర్ 5,280 అడుగుల ఎత్తు. ఎల్క్ అక్టోబర్‌లో 9,000 నుంచి 11,000 అడుగుల మధ్య ఉంటుంది. కాలు బొబ్బెక్కినవాడు 400 గజాల నుంచే పేల్చేద్దామనుకుంటాడు. కాలు బాగున్నవాడు ఇంకో 200 గజాలు నడిచి వెళ్తాడు. వేసవిలోనే కొని, బరువు మోస్తూ కనీసం వంద మైళ్లు వాటిలో నడవండి. కాటన్ బట్టలు వద్దు. చెమటకు తడిస్తే ఆరవు, చలికి ప్రాణం మీదికి తెస్తాయి. ఒంటికి ఆనుకుని మెరీనో ఊలు, పైన ఇంకో పొర, ఆ పైన గాలి ఆపే జాకెట్. ఎక్కేటప్పుడు తీసేయాలి, కూర్చున్నప్పుడు వేసుకోవాలి. బట్టలు మామూలు డిటర్జెంట్‌తో ఉతక్కండి. తెల్లగా మెరిపించే రసాయనం మనకు కనిపించేదానికంటే జింకజాతి కళ్లకు ఎక్కువ కనిపిస్తుంది. నారింజ రంగు మాత్రం వాటికి మందంగానే కనిపిస్తుంది కాబట్టి భయపడకుండా వేసుకోండి. ఎలాగూ రైఫిల్ సీజన్‌లో 500 చదరపు అంగుళాల ఫ్లోరసెంట్ నారింజ గానీ గులాబీ గానీ వేసుకోవడం ఇక్కడ చట్టం, తలమీద టోపీతో సహా.

రెండోది బైనాక్యులర్స్. పది రెట్లు చూపేది, 42 మిల్లీమీటర్ల అద్దం. తుపాకీ కంటే దీని మీద ఎక్కువ పెట్టండి. మొత్తం జంతువు కోసం వెతకొద్దు. అడ్డంగా ఒక గీత కోసం వెతకండి. అడవిలో చెట్లన్నీ నిలువు, వీపు ఒక్కటే అడ్డం. చెవి కదలిక, పిర్ర మీది లేత పసుపు మచ్చ చూడండి. ఎల్క్‌కి షానీ తెగవాళ్ల మాటలో వపిటి అని పేరు, తెల్ల పిర్రలది అని అర్థం. వాళ్లు ముందు చూసింది కూడా అదేనన్నమాట. తుపాకీ మీద బిగించే దుర్భిణి, అదే స్కోప్, దాంట్లోంచి వెతకడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. స్కోప్ ఎటు తిరిగితే తుపాకీ అటు తిరుగుతుంది, అక్కడ మనిషి ఉండొచ్చు.

మూడోది కొద్ది డాలర్ల సామాను. వాసన లేని పొడి ఉన్న చిన్న ప్లాస్టిక్ సీసా. నొక్కితే గాలి ఎటు పోతోందో కనపడుతుంది. ఎల్క్ మిమ్మల్ని చూసినా ఒక్కోసారి ఇంకాసేపు నిలబడుతుంది, వింటే ఇంకోసారి విందామని ఆగుతుంది, వాసన తగిలితే మాత్రం ఇక లేదు. కొండల్లో పొద్దున్నే చల్లగాలి కిందికి దిగుతుంది. ఎండెక్కాక పైకి ఎక్కుతుంది. సాయంత్రం మళ్లీ దిగుతుంది. అందుకే పొద్దున కింద నుంచి పైకి, మధ్యాహ్నం పై నుంచి మాటు వేయాలి. ఆ మారే వేళలో, తొమ్మిది పది గంటల మధ్య, గాలి ఎటూ కాకుండా సుడి తిరుగుతుంది. అప్పుడు కదలకుండా కూర్చోవడమే మంచిది.

నాలుగోది కత్తి, సంచులు, లైటు. వాటి గురించి తర్వాత వస్తాను. అయిదోది తుపాకీ, దాని మీద స్కోప్. మూడు నుంచి తొమ్మిది రెట్లు చూపేది చాలు, ఎప్పుడూ మూడు మీదే ఉంచుకుని నడవండి. కన్నుకి, స్కోప్‌కి మధ్య మూడు మూడున్నర అంగుళాలు ఉండాలి, లేకపోతే కనుబొమ మీద చంద్రవంక మిగులుతుంది.

గుండు గురించి ఒక మాట. సీసపు గుండు లోపల విచ్చుకున్నప్పుడు పొడిలా రాలుతుంది. దెబ్బ తగిలిన చోటికి చాలా దూరంలో కూడా ఎక్స్‌రేలో చిన్న చిన్న తెల్ల చుక్కలు కనపడతాయి. మనింట్లో పిల్లలు, కడుపుతో ఉన్నవాళ్లు తినే మాంసం అది. డేగలు, రాబందులు వదిలేసిన పేగులు తిని సీసపు విషంతో చస్తాయి. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకు సీసం పూర్తిగా ఆపేశారు, అక్కడి కాండర్ రాబందుల కోసమే ముఖ్యంగా. కొలరాడోలో ఎల్క్, డీర్ వేటకు ఆ నిషేధం లేదు. నేను మాత్రం రాగి గుండ్లకు మారిపోయాను. ఖరీదు ఎక్కువే. ఏడాదికి ఒకటి రెండు గుండ్లు జంతువు మీద కాలుస్తాం, ఆ తేడా లెక్కలోకి రాదు.

గురి సంగతి. 200 గజాలకు సరిచేసుకుంటే, నా తూటా 300 దగ్గర ఎనిమిది తొమ్మిది అంగుళాలు కిందికి పడుతుంది, 400 దగ్గర రెండడుగుల దాకా. పక్క నుంచి గంటకు పది మైళ్ల గాలి వీస్తే 300 దగ్గర ఆరేడు అంగుళాలు జరుగుతుంది. గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు ఎల్క్‌కైతే భోజనం కంచమంత, డీర్‌కైతే టిఫిన్ ప్లేటంత. కాబట్టి మీ దూరం ఎంతో మీరే తేల్చుకోవాలి. ఎలాగంటే, ఎనిమిది అంగుళాల కాగితం ప్లేటు పెట్టండి. బల్ల వద్దు. యాభై అడుగులు పరుగెత్తి వచ్చి, గుండె కొట్టుకుంటుండగా, నేల మీద కూర్చుని కర్రకు ఆనించి అయిదు తూటాలు. అయిదింటికి అయిదూ ప్లేటులో పడే దూరం మీది. నాలుగు పడిన దూరం మీది కాదు. నాది 250 గజాలు. ఇన్నేళ్లలో అది పెరగలేదు, పెంచాలని కూడా లేదు. రోజూ రాత్రి ఇంట్లో, తూటా లేదని మూడుసార్లు చూసుకుని, తూటాలు ఇంకో గదిలో పెట్టి, గోడ మీద చుక్కకు గురి పెట్టి ట్రిగ్గర్ నొక్కండి. పది నిమిషాలు. కన్ను మూసుకోకుండా ఉండడం అలాగే వస్తుంది. మన ఆడవాళ్లు ఈ విషయంలో మగవాళ్లకంటే త్వరగా నేర్చుకుంటారు, నేను చూసిన మాట చెబుతున్నాను. చెప్పింది చెప్పినట్టు చేస్తారు, పక్కవాళ్లతో పోటీ పెట్టుకోరు.

జంతువు పక్కకు నిలబడి ఉండాలి. లేదా కాస్త అటు తిరిగి ఉండాలి. ముందుకాలు వెనక, కింది నుంచి మూడో వంతు ఎత్తులో. ఎదురుగా చూస్తుంటే వద్దు, వెనక్కి తిరిగి ఉంటే అసలు వద్దు. పేల్చాక వెంటనే బోల్ట్ తిప్పండి. ఇంకా నిలబడి ఉంటే ఇంకోటి కొట్టండి. ఒక్క గుండుతో పడగొట్టాననే గొప్ప ఎల్క్ దగ్గర వద్దు. పడిపోయాక కూడా అరగంట ఆగి, వెనక నుంచి వెళ్లి, పొడుగాటి పుల్లతో కంటిని తాకండి. రెప్ప కదలకపోతేనే దగ్గరికి.

ఇంకో సంగతి. చాలా యూనిట్లలో, అంటే వేట కోసం రాష్ట్రాన్ని విడగొట్టిన ప్రాంతాల్లో, మగ ఎల్క్‌ని కొట్టాలంటే ఒక కొమ్ముకైనా నాలుగు కొనలుండాలి, లేదా నుదుటి మీది కొన అయిదంగుళాలుండాలి. లెక్కపెట్టలేకపోతే పేల్చకూడదు. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి అస్తమయం తర్వాత అరగంట దాకానే సమయం. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు మామూలుగా హంటర్ ఎడ్యుకేషన్ అనే వేట శిక్షణ పూర్తిచేస్తేనే లైసెన్సు ఇస్తారు. పరిమిత లైసెన్సుల లాటరీకి గడువు ఏప్రిల్ మొదట్లోనే అయిపోతుంది. అక్టోబర్‌లో నాకు ఫోన్ చేస్తే నేనేమీ చేయలేను.

హెచ్-1బీ మీద ఉన్న తమ్ముళ్లూ, ఇది మీకోసం, జాగ్రత్తగా వినండి. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. దానికి కొన్ని మినహాయింపులున్నాయి, అందులో ఒకటి చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు. అంటే ముందు లైసెన్సు, ఆ తర్వాతే తుపాకీ. రేంజ్‌లో స్నేహితుడి తుపాకీ పట్టుకోవడానికి కూడా ఇదే వర్తిస్తుంది. లైసెన్సు గడువు తీరిన మర్నాడు తుపాకీ మీ అల్మారాలో ఉన్నా నేరమే. ఒక్క కేసుతో గ్రీన్ కార్డు ఆశ పోతుంది. కొనే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌కి ఫీజు కట్టి అడగండి. నా మాట మీద ఆధారపడొద్దు. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకు ఈ ఇబ్బంది లేదు. ఎవరైనా సరే, ఇంట్లో పిల్లలుంటే తుపాకీకి తాళం, తూటాలకు వేరే తాళం.

ఇప్పుడు నాలుగో స్థానం సామాను. పడిపోయిన ఎల్క్ పక్కన మొదటిసారి నిలబడినప్పుడు ఎవరికైనా కాళ్లు చల్లబడతాయి. ఇంత పెద్దదాన్ని ఏం చేయాలి? మొదట లైసెన్సు ట్యాగ్ చించి, సంతకం చేసి, తేదీ వేయాలి. ఆ తర్వాత చర్మం. చర్మం దళసరి కంబళి, లోపలి వేడిని బయటికి పోనివ్వదు. మంచులో పడి ఉన్నా సరే, తొడ ఎముక కీలు దగ్గర మాంసం కొన్ని గంటల్లో పులిసిపోతుంది. నేను పొట్ట కోయకుండానే చేస్తాను. ఒక పక్కకు పడుకోబెట్టి, వెన్ను మీదుగా చర్మం చీల్చి, పైవైపు ముందుకాలు, వెనకతొడ విడదీసి, వీపు కండ, మెడ కండ తీసి, తిప్పి రెండో వైపు. ముందుకాలిని ఒంటికి కలిపే ఎముక కీలు లేదు, కత్తి కండల మధ్య జారితే చాలు, చేతిలోకి వచ్చేస్తుంది. అది మొదటిసారి చూసినప్పుడు నేను ఆశ్చర్యపోయాను. ఆడదో మగదో తెలిపే గుర్తు మాంసానికి అంటుకునే ఉండాలి, అది కోసేయకండి. బ్లేడు మార్చుకునే చిన్న కత్తి, పలచటి గుడ్డ సంచులు నాలుగైదు, తలకు కట్టుకునే లైటు రెండు. సంచుల్లో వేసి, నీడలో, గాలి ఆడే కొమ్మకు వేలాడదీయాలి.

పెద్ద మగ ఎల్క్‌లో ఎముకలు తీసేశాక ఎనభై తొంభై కిలోల మాంసం ఉంటుంది. ఇద్దరుంటే తలా రెండు మూడు నడకలు. అందుకే లోయ అడుగున, కారుకు మూడు మైళ్ల దూరంలో కనపడిన ఎల్క్‌ని నేను చాలాసార్లు చూసి వదిలేశాను. తినదగ్గ మాంసం అడవిలో వదలడం ఇక్కడ నేరం. కొమ్ములు మోసుకొచ్చి మాంసం వదిలినవాణ్ణి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది. మనకు తలకాయ కూర ఇష్టం, భేజా వేపుడు ఇష్టం. ఎల్క్, డీర్ విషయంలో రెండూ వద్దు. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అని ఒక జబ్బు ఉంది. దాన్ని మొట్టమొదట గమనించింది మన కొలరాడోలోనే, ఫోర్ట్ కాలిన్స్ పరిశోధన కేంద్రంలో పెంచుతున్న మ్యూల్ డీర్‌లలో, 1967లో. వైరస్ కాదు, బాక్టీరియా కాదు, వంకర తిరిగిన ప్రోటీన్. ఎంత ఉడికించినా చావదు. మెదడు, వెన్నుపాము, గ్రంథుల్లో ఎక్కువ ఉంటుంది. మనుషులకు వచ్చినట్టు ఇంతవరకు నిర్ధారణ కాలేదు, అయినా జబ్బున్న జంతువు మాంసం తినొద్దని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. తల తీసుకెళ్లి రాష్ట్ర వన్యప్రాణి శాఖకు ఇస్తే పరీక్ష చేస్తారు. ఫలితం వచ్చే దాకా మాంసం పేరు రాసి ఫ్రీజర్లో పెట్టండి. వెన్నెముక కోయకండి.

ఫలితం మంచిదని వచ్చాక, ఆ వీపు కండ సన్నగా కోసి, అల్లం వెల్లుల్లి, మిరియాలు, ఉప్పు పట్టించి, బాగా కాలిన ఇనప పెనం మీద రెండు నిమిషాలు చాలు. కొవ్వు తక్కువ, ఎక్కువ వేపితే చెప్పు తోలే. పిక్కల కండ మాత్రం కుక్కర్లో వేసి ఓపిగ్గా ఉడికించాలి, మా ఊళ్లో కాళ్లకూర వండినట్టు. మా ఆవిడ గోంగూరతో చేస్తుంది, మా ఇంటికి వస్తే రుచి చూపిస్తాం.

(ఒక పెద్దాయన ప్రశ్న: "చంపేటప్పుడు నీ మనసుకు ఏమనిపిస్తుంది నాయనా?")

మాస్టారూ, అడిగినందుకు సంతోషం. పుల్లతో కంటిని తాకాక నేను తుపాకీ పక్కన పెట్టి, దాని మెడ మీద చెయ్యి వేసి కాసేపు కూర్చుంటాను. అక్కడ బొచ్చు గరుకుగా, ముదురు గోధుమ రంగులో ఉంటుంది, లోపల ఇంకా వేడిగా ఉంటుంది. పైన్ బంక వాసన, బురద వాసన. కంటి నీలి నలుపు మెల్లగా పచ్చబారుతుంది. ఏడుపొచ్చిన రోజులున్నాయి. సంతోషం కూడా ఉంటుంది, అబద్ధం చెప్పను. రెండూ ఒకేసారి ఉంటాయి. ఏడుపు పూర్తిగా ఆగిపోయిన రోజు వెళ్లడం మానేస్తాను. చెమ్మగిల్లని కన్నుతో నేను మీకర్ కొండ ఎక్కలేను.

(ఒక అమ్మాయి ప్రశ్న: "అయిదు రోజులు వెళ్లినా దొరక్కపోతే?")

ఎక్కువమందికి దొరకదమ్మా. సుమారుగా అయిదుగురిలో ఒకరికి దొరుకుతుంది. నేను పదకొండు సీజన్లు వెళ్లాను, నాలుగుసార్లు మాంసంతో వచ్చాను. మిగతా ఏడు సార్లు కూడా సెలవు పెట్టే వెళ్లాను. గడ్డి మీద మంచు పట్టిన తెల్లవారుజామున, కింద లోయలో ఆడ ఎల్క్‌లు పిల్లల్ని పిలుచుకునే ఆ సన్నని కూతలు విన్నవాళ్లెవరూ అది వృథా అనరు.

సమయం అయిపోయింది. రావాలనుకున్నవాళ్లు శనివారం పొద్దున ఏడింటికి రేంజ్ గేటు దగ్గరికి రండి. తుపాకీ నేను తెస్తాను. వీసా మీద ఉన్నవాళ్లు లైసెన్సు లేకుండా రావద్దు, వస్తే కూర్చుని చూడండి, ముట్టుకోవద్దు. చెవులకు మఫ్స్, కళ్లకు అద్దాలు మీవి మీరు తెచ్చుకోండి. కాగితం ప్లేట్లు నా దగ్గర రెండు కట్టలున్నాయి.